పది సెకన్ల పాకం

ఆ సోమవారం పొద్దున్న ఆపిల్ తొక్కల దగ్గర మా అత్తగారికీ నాకూ గొడవైంది.

స్నానానికి వెళ్ళేముందు ఆరు పచ్చ ఆపిళ్ళు చెక్కి, తొక్కలు ఒక గిన్నెలోనూ, గింజలు తీసేసిన నడిమి భాగాలు ఇంకో గిన్నెలోనూ పెట్టి వెళ్ళాను. తిరిగొచ్చి చూస్తే రెండు గిన్నెలూ కడిగి బోర్లించి ఉన్నాయి. చెత్త కిందకి జారిపోయే గోడలోని చూట్ మూత సగం తెరిచే ఉంది.

"తొక్కలేవి అత్తయ్యా?"

"చూట్‌లో ఏసేసినాను."

"దాచుకున్నానవి."

"తొక్కలు దాసుకోడమేటి? ఎవులైనా ఇంటే నవ్వుతారు. వాటిమీద మైనం పూస్తారని నువ్వే కదేటి సెప్పినావు?"

"అందుకే ఉప్పునీళ్ళలో రుద్ది కడిగాను."

"కడిగినట్టు వాటిమీద రాసుందేటి?"

మా అమ్మాయి నిఖిల బూట్లు వేసుకుంటూ గుమ్మం దగ్గర్నుంచి అరిచింది. "మమ్మీ, ఇట్స్ జస్ట్ పీల్స్ లా! చూట్‌తో ఫైట్ చేస్తావా ఇప్పుడు?"

"నువ్వు స్కూలుకెళ్ళు."

"నా మీదెందుకు అరుస్తున్నావ్?" అని తలుపు లాగేసి వెళ్ళిపోయింది. పద్నాలుగేళ్ళు దానికి, ఈ దేశపు స్కూలు పిల్లల్లాగే మాటల చివర 'లా' తగిలిస్తుంది. మావయ్య మంచం పట్టిన ఆ ఐదు నెలల్లో ఇంట్లో అందరం ఒకరి మీద కోపం ఇంకొకరి మీద చూపించడం అలవాటు చేసుకున్నాం.

మా అత్తగారు కొండమ్మ గిన్నెలు మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. పొడిగా ఉన్న గిన్నెల్నే. నేను సంచీ తీసుకుని పదకొండో అంతస్తు నుంచి కిందకి దిగాను. తొక్కలు లేకుండా సిరప్ చిక్కబడదు. సిరప్ చిక్కబడకపోతే ఆ రోజుకి మావయ్య తాగడానికి ఏమీ లేదు.

మావయ్య రామన్నగారికి ఐదు నెలల కిందట పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పోయాయి. మాట ముద్దగా వస్తుంది. మనసు మాత్రం ఎప్పటిలాగే ఉంది, అన్నీ తెలుస్తాయి. అన్నిటికన్నా మమ్మల్ని భయపెట్టింది ఆయన గొంతు. మింగే కండరాలు సరిగ్గా పనిచెయ్యక, పల్చటి నీళ్ళు కడుపులోకి పోకుండా ఊపిరితిత్తుల్లోకి జారుతున్నాయన్నారు. అలా జారి రెండుసార్లు నిమోనియా వచ్చింది. రెండోసారి ముక్కులోంచి గొట్టం వేసి తొమ్మిది రోజులు అందులోంచే పాలు పోశారు. ఆయన ఎడమచేత్తో మూడుసార్లు ఆ గొట్టం పీకేశారు. తర్వాత ఆ చేతికి దూది కుక్కిన తెల్ల సంచీలాంటి తొడుగు వేసి మంచం కమ్మీకి కట్టారు. వాళ్ళ తప్పు కాదు, పీకేస్తే ప్రమాదం. కానీ నలభై ఏళ్ళు రాజాంలో మిఠాయి దుకాణం నడిపిన మనిషి, పాకం వేళ్ళ మధ్య పట్టి చూసి చెప్పే మనిషి, ఆ తొడుగులో వేళ్ళు కదిలించుకుంటూ నా వంక చూశారు. గొట్టం తీసేశాక ఆయన అన్న మొదటి మాట, "మళ్ళీ... వద్దు."

"ఇంకోసారి నిమోనియా వస్తే మాత్రం గొట్టం తప్పదు," అన్నాడు డాక్టరు.

అప్పట్నుంచీ మా ఇంట్లో నీళ్ళు కూడా మందే. ఆసుపత్రిలో మాట, మింగుడు చూసే స్పీచ్ థెరపిస్ట్ అమ్మాయి నాకు నేర్పింది. సూది లేని సిరంజిలో పది గీతల దాకా ద్రవం నింపి, కింద వేలితో మూసి, వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టాలి. అంతా కారిపోతే అది ఆయనకి విషం. నాలుగు గీతల పైన మిగిలితే తాగొచ్చు. ఎనిమిది దాటితే మరీ చిక్కన, గొంతులో అంటుకుంటుంది. వాళ్ళిచ్చిన పొడి కలిపితే ఏ నీళ్ళైనా ఐదారు దగ్గర నిలుస్తాయి. కానీ మావయ్య దాన్ని నోట్లో పెట్టగానే ఉమ్మేసేవారు. "జిగురు," అనేవారు. టీలో కలిపినా జిగురే, మజ్జిగలో కలిపినా జిగురే. రోజుకి అరగ్లాసు కూడా తాగక పెదాలు పగిలి, ఒంటేలు ముదురు పసుపుగా వచ్చేది.

ఒకరోజు నిఖిల కోసం ఆపిల్ సిరప్ చేస్తున్నాను. దాల్చినచెక్క, లవంగం, శొంఠి వాసన హాల్లోకి వెళ్ళింది. మావయ్య తన చక్రాల కుర్చీ చెక్క మీద ఎడమచేత్తో కొట్టారు. గరిటె చూపించమన్నారు. తీసుకెళ్తే చూపుడువేలితో ఒక చుక్క తీసుకుని, బొటనవేలికీ దానికీ మధ్య తెరిచి మూశారు.

"లేత," అన్నారు.

నాలుగు రోజుల తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. ఆ చుక్కని నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకున్నారు. ఉమ్మలేదు.

నేను విజయనగరంలో కెమిస్ట్రీతో డిగ్రీ చదివాను. పెళ్ళయ్యాక దానితో నాకు పని పడలేదు. ఆ రోజు పడింది. ఆపిల్ తొక్కలోనూ, గింజల చుట్టూ ఉండే గట్టి భాగంలోనూ జిగటనిచ్చే గుణం ఉంటుంది, పచ్చ ఆపిళ్ళలో ఇంకా ఎక్కువ. ముక్కలు, తొక్కలు, ఒక దాల్చినచెక్క, నాలుగు లవంగాలు, చిన్న శొంఠి కొమ్ము వేసి మెత్తగా ఉడికించి, పల్చటి గుడ్డలో వేలాడగట్టి దానంతట అదే కారనివ్వాలి. పిండితే గుజ్జు దిగి పలుకులు గొంతుకి అడ్డం పడతాయి. కారిన రసంలో కొంచెం చక్కెర, నిమ్మరసం వేసి సన్నమంట మీద మరిగించాలి. వేడిగా ఉన్నప్పుడు రెండు గీతలే మిగిలేది, చల్లారితే ఆరు, ఫ్రిజ్‌లో పెడితే తొమ్మిది. అందుకని ఆయన తాగే వెచ్చదనంలోనే కొలిచేదాన్ని. ఏ గిన్నెడు ఏ వేడిలో ఎన్ని గీతలు, ఎన్ని చెంచాలు, ఎన్నిసార్లు దగ్గారు, అన్నీ నోట్‌బుక్‌లో. థెరపిస్ట్‌కి సీసా తీసుకెళ్ళి చూపిస్తే తన సిరంజితో కొలిచి, మావయ్య గొంతు మీద రెండు వేళ్ళుంచి మింగించి చూసి, "ఓకే ఆంటీ, కానీ ప్రతిసారీ టెస్ట్ చెయ్యాలి," అంది.

మూడు వారాలు తాగారు. పెదాలు మానాయి. మొదటి పది రోజులూ ప్రతి గిన్నెకీ ఏదో ఒక వంక పెట్టేవారు. "లవంగం... ఎక్కువ." "శొంఠి... పాతది." వంక పెట్టిన రోజు మా ఆయన గణపతి ఆఫీసు నుంచి ఫోన్ చేసి మరీ, "ఇవాళేమన్నారు నాన్న?" అని అడిగి నవ్వేవారు.

నాలుగో వారం మళ్ళీ దగ్గు మొదలైంది. ఆ ఆదివారం సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. శుక్రవారం ఆసుపత్రిలో చూపించాలి. గీతలు ఆరే ఉన్నాయి. వడకట్టే గుడ్డ మార్చాను, రెండుసార్లు వడకట్టాను. తప్పెక్కడుందో తెలియలేదు.

సోమవారం తొక్కలు చూట్‌లో పోయాక మళ్ళీ ఆపిళ్ళ కోసమే కిందకి దిగాను. మార్కెట్ దాకా వెళ్ళాక గుర్తొచ్చింది, సోమవారాలు పండ్ల కొట్టు ఉండదు. రోజూ నేను అరగంటకి గానీ రాను. ఆ రోజు పది నిమిషాల్లో వచ్చేశాను. తాళం తీస్తుంటే లోపల్నుంచి మావయ్య దగ్గు వినిపించింది. పొద్దున్న ఎనిమిది గంటలకి ముందు ఆయనకి ఏమీ పట్టం. నోట్‌బుక్‌లో ఒక మూల నేనే రాసుకున్నాను, 'మొదటి చెంచాకి ముందే దగ్గు' అని, ఐదు రోజులు వరుసగా. రాసి కూడా ఆలోచించలేదు.

అత్తయ్య తడి జుట్టుకి తువ్వాలు చుట్టుకుని మావయ్య ముందు వంగి ఉంది. ఎడమచేతిలో రాగి పంచపాత్ర, కుడిచేతిలో ఉద్ధరిణె. తులసాకు తేలుతున్న నీళ్ళు.

"అకాలమృత్యుహరణం..." అంటూ ఆయన నోట్లో మూడో ఉద్ధరిణె పోసింది.

మావయ్య మింగారు. ముఖం ఎర్రబడింది. దగ్గు ఆపుకోబోయి ఆపుకోలేక, కుర్చీ చెక్కని పట్టుకుని ఊగిపోయారు.

"అత్తయ్యా! ఏం పోశారు?"

"ఏటి పోసినాను? తీర్తం."

"నీళ్ళు పొయ్యకూడదని చెప్పాను కదా! ఒక్క చుక్క కూడా..."

"నీళ్ళు కావే అవి. తీర్తం." నా అరుపుకి భయపడిందే గానీ తప్పు చేసిన భయం లేదు ఆమెలో. "పెళ్ళైన కాడ్నుంచీ తీర్తం పడకుండా నోట్లో ఏటీ ఎట్టలేదు మీ మావ. ఆసుపత్రిలో ఎలాగా లేదు. ఇంట్లో కూడా మానేస్తే ఇంకేటి మిగిలింది ఆ మనిషికి?"

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఇంటికొచ్చిన కాడ్నుంచీ. ముందు ఒక్కటే ఇచ్చీదాన్ని, నాలిక తడపడానికి. నీ పాకం తాగి బలం వచ్చింది కదా అని మూడు సేసినాను, వారం అయింది." ఫ్రిజ్ వైపు చెయ్యి చూపించింది. "నువ్వు రాసిన కాయితం రోజూ సదువుతున్నాను. దాన్లో తీర్తం అని ఉందేటి?"

లేదు. ఫ్రిజ్ మీద నా చేత్తో రాసి అంటించిన జాబితాలో నీళ్ళు, టీ, కాఫీ, మజ్జిగ, చారు, కొబ్బరినీళ్ళు, మందులు మింగే నీళ్ళు కూడా ఉన్నాయి. ఐస్‌క్రీమ్ ఉంది, నోట్లో కరిగి నీరవుతుందని. తీర్థం లేదు. ఆమె చదువుకున్నంత శ్రద్ధగా ఆ కాగితం ఇంకెవరూ చదివి ఉండరు.

నేను మావయ్య వైపు తిరిగాను. "మీకు తెలుసు కదా మావయ్యా, అది పడ్డం లేదని?"

ఆయన అత్తయ్య వంక చూశారు. తర్వాత నేల వంక.

ఆ మధ్యాహ్నానికి జ్వరం పెరిగింది. ఊపిరి గురగురమంది. అంబులెన్స్‌లో తీసుకెళ్ళాం.

వారం రోజులు వార్డులో ఉన్నారు. నోటికి ఏమీ ఇవ్వకుండా సెలైన్ ఎక్కించారు. చిన్న వయసు డాక్టరు, మర్యాదగానే మాట్లాడాడు. ముక్కులో గొట్టం కొన్నాళ్ళకే, తర్వాత పొట్టకి చిన్న రంధ్రం చేసి నేరుగా అందులో పెట్టొచ్చు, ఇంట్లోనే చూసుకోవచ్చు, అన్నాడు. నోటితో ఇస్తూ ఉంటే ఇలాంటిదే మళ్ళీ వస్తుంది, ఈసారి తట్టుకోలేకపోవచ్చు, అన్నాడు.

"ఇంతకీ ఏం తాగించారు?" అని అడిగాడు.

గణపతి నాకన్నా ముందు జవాబిచ్చారు. "ఇంట్లో చేసిన ఆపిల్ సిరప్." ఆ మాట ఇంగ్లీషులో వింటే ఎంత తెలివితక్కువగా ఉందో.

కారిడార్‌లోకి వచ్చాక ఆయన నావైపు చూడకుండానే అన్నారు. "హాస్పిటల్ పొడి ఉండగా ఎందుకు ప్రసన్నా ఈ ప్రయోగాలు? మా నాన్న మీదా?"

"థెరపిస్ట్ చూసే ఒప్పుకుంది."

"థెరపిస్ట్ రోజూ మనింటికొచ్చి వండుతోందా? నువ్వేదో పొరపాటు చేసుంటావు. మనుషులన్నాక చేస్తారు. ఒప్పుకో, అయిపోతుంది."

నేను పొరపాటు చెయ్యలేదు. నోట్‌బుక్ నా సంచీలోనే ఉంది. ఒక్క మాట చెప్తే చాలు, సిరప్ మీద నింద పోతుంది, నోటితో తాగే దారి మావయ్యకి మిగులుతుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. గణపతి వెనకాల ప్లాస్టిక్ కుర్చీలో అత్తయ్య కూర్చుని ఉంది. వాళ్ళబ్బాయి మాటలన్నీ వింది. నన్నే చూస్తోంది.

గణపతి లిఫ్ట్ వైపు వెళ్ళాక అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆడికి సెప్పకే తల్లీ. నాను సంపేసినానని అంటాడు."

"అనరు అత్తయ్యా."

"అనకపోయినా అనుకుంటాడు. నీకు తెల్దు, ఆడికి తండ్రంటే... సెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయింది. నేను ఆపాను. ఆపడానికి చెప్పననే మాట ఇవ్వాల్సొచ్చింది. ఇచ్చాక నా దగ్గర చెప్పుకోడానికి ఏమీ మిగల్లేదు. వార్డులోకి వెళ్ళి డాక్టర్ని బతిమాలాను. ఒక్క వారం. నోటితోనే, నేనే తాగిస్తాను, కూర్చోబెట్టి, గడ్డం వంచి, చెంచా చెంచాకీ ఆగి. అతను మావయ్యని అడిగాడు. మావయ్య తలూపారు. థెరపిస్ట్ అమ్మాయి వచ్చి చూసి, ప్రమాదం ఉందని రాసి సంతకం పెట్టించుకుంది. ఒక్క వారం, వచ్చే మంగళవారం రండి, దగ్గు ఎక్కువైనా జ్వరం వచ్చినా ఆగకుండా రండి, అన్నారు. గణపతి సంతకం పెట్టారు గానీ నాతో ఇంటిదాకా మాట్లాడలేదు.

మొదటిరోజు, మంగళవారం పొద్దున్న, అత్తయ్య దేవుడి దగ్గర పంచపాత్ర ముందు పెట్టుకుని చాలాసేపు ఊరికే కూర్చుంది. నేను పొయ్యి మీద గిన్నె కలుపుతున్నాను. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దాన్లో కలపొచ్చేటి?"

"ఏం?"

"ఒక్క ఉద్ధరిణి. నీ పాకంలో. పాపం కాకపోతే."

"వేడి గిన్నెలో వెయ్యొచ్చా?"

"మరిగించకూడదు. సల్లారినాక ఏస్తాను."

సిరప్ మామూలు కన్నా మూడు నిమిషాలు ఎక్కువ మరిగించి ఏడు గీతల దగ్గర దింపాను. చల్లారాక ఆమె కళ్ళు మూసుకుని ఒక ఉద్ధరిణె తీర్థం వేసింది. నేను కలిపి, సిరంజిలో నింపి, వేలు తీశాను. ఆమె పైకి లెక్కపెట్టింది. పది దగ్గర మళ్ళీ వేలు మూశాను.

"ఎంతే?"

"ఐదున్నర."

"పాసేనా?"

"పాసే."

ఆమె ఏడుస్తూ నవ్వింది. మావయ్యకి మొదటి చెంచా తనే పట్టింది. మంత్రం చెప్పింది. ఆయన మింగారు. మేమిద్దరం ఊపిరి బిగబట్టి ఆయన గొంతునే చూస్తున్నాం. దగ్గలేదు. రెండో చెంచా, మూడో చెంచా. ఆ పూట పద్దెనిమిది చెంచాలు తాగారు. బుధవారం ఇరవై. గురువారం మధ్యాహ్నం, "దాల్చిని... కొంచెం," అని రెండు వేళ్ళు దగ్గరగా పెట్టి చూపించారు. మళ్ళీ వంక పెట్టారని నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. గణపతికి మెసేజ్ పెట్టాను. చాలాసేపటికి, 'సరే, కొంచెం వెయ్యి,' అని జవాబొచ్చింది.

శుక్రవారం పొద్దున్న ఏడో చెంచాకి దగ్గారు.

సిరప్ ఐదున్నరే. గడ్డం వంచే ఉంది. చెంచా చెంచాకీ ఆగాను. తొందరపడలేదు. ఒక నిమిషం ఆగి ఎనిమిదో చెంచా పట్టాను. మళ్ళీ దగ్గు, ఈసారి లోతుగా, తడిగా. మిగతాది పారబోసి కొత్తది చేశాను. తీర్థం కూడా లేకుండా, ఏడు గీతలకి. నాలుగో చెంచాకే దగ్గారు. ఇంకేం మార్చాలో నాకు తోచలేదు. ఆపిళ్ళు అవే, నిప్పు అదే, చెయ్యి అదే. మారింది ఆయన గొంతు.

నోట్‌బుక్ తెరిచాను. శుక్రవారం అని రాశాను. గీతలు ఐదున్నర అని రాశాను. దగ్గు అన్న గడిలో పెన్ను పెట్టి, తీసేశాను. ఖాళీగా వదిలేసి మూసేశాను. శనివారం కూడా అంతే. చెంచాలు తగ్గించాను, రోజంతటికీ తొమ్మిదే. డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. చెయ్యలేదు. ఇంకో పూట చూద్దాం, ఇంకో గిన్నె చూద్దాం, అనుకుంటూ గంటకోసారి ఆయన నుదురు తాకి చూశాను. వెచ్చగా ఉందో నా చెయ్యే చల్లగా ఉందో అర్థం కాలేదు. థర్మామీటర్ సొరుగులో ఉంది. తియ్యలేదు.

శనివారం సాయంత్రం సొరుగు మూస్తుంటే అత్తయ్య పక్కన నిలబడి ఉంది. నోట్‌బుక్ ఆమె చేతిలో ఉంది, తెరిచి.

"ఇక్కడ రాయడం మానేసినావు," అంది.

నేను సొరుగు పూర్తిగా మూశాను.

"నా గురించా?"

"కాదు అత్తయ్యా. ఇందులో మీ తప్పేం లేదు. ఇవాళ్టి దగ్గు నా సిరప్‌కే."

ఆమె పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. ఆమె మాట నేను దాచాను, నా మాట ఆమె దాస్తుంది, అంతే అర్థం. ఇద్దరం అలా ఒకరినొకరు కాపాడుకుంటూ ఉంటే మధ్యలో మావయ్య పోతారు. అది ఆమెకీ తెలిసింది. అయినా ఇద్దరం వెళ్ళి గిన్నెలు తోముకున్నాం.

ఆదివారం మధ్యాహ్నం మావయ్య కుర్చీని బల్ల దగ్గరికి తొయ్యమన్నారు. ఐదు నెలల్లో మేమెప్పుడూ ఆయన ముందు తినలేదు. వంటింట్లో నిలబడి, తలుపు వేసుకుని, గిన్నెల చప్పుడు కాకుండా తినేవాళ్ళం. వద్దన్నాను. ఆయన చెక్క మీద కొట్టారు. గణపతి తోసుకొచ్చారు. బల్లమీద అన్నం, పప్పు, వంకాయ వేపుడు, చారు పెట్టాను. మావయ్య ముందు సిరప్ గిన్నె, చెంచా. నిఖిల ఫోన్ బోర్లించి పక్కన పెట్టింది, ఎవరూ చెప్పకుండానే.

ఎవరూ కలపడం లేదు.

"తాతా, మేము తింటే నీకు ఓకేనా?" అంది నిఖిల.

"తిను," అన్నారాయన.

గణపతి కంచం వంక చూస్తూ అన్నారు. "ఈ వారం బాగానే గడిచిందిగా. మంగళవారం డాక్టరుకి నోట్‌బుక్ చూపిద్దాం. ప్రసన్నా, ఆ రోజు కారిడార్‌లో నేనలా మాట్లాడకుండా ఉండాల్సింది."

ఆ వారమంతా ఆ మాట కోసం ఎదురుచూశాను. తీరా వచ్చాక భరించలేకపోయాను.

"బాగా గడవలేదండీ," అన్నాను. "శుక్రవారం నుంచి దగ్గుతున్నారు. నిన్న ఆరుసార్లు. నేను రాయలేదు."

ఆయన తలెత్తారు. "రాయలేదా? నువ్వా?"

"రాస్తే అయిపోతుందని."

"రెండు రోజులు! జ్వరం?"

"చూడలేదు."

"చూడలేదంటే ఏంటి ప్రసన్నా? ఆయన ప్రాణంతో..."

"దాన్నేటీ అనకు," అంది అత్తయ్య. "కిందటిసారి జొరం దాని పాకం వల్ల కాదు. నాను తీర్తం పోసినాను. రోజూ. మూడేసి. నన్ను అదే పట్టుకుంది, నాను సెప్పొద్దంటే నోరు మూసుకుని నీ సేత మాటలు పడింది. అనాలంటే నన్నను."

గణపతి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఆయన ముఖంలో కోపం ఎటు పోవాలో తెలియక ఆగిపోయింది. "అమ్మా," అన్నారు. నిఖిల వెళ్ళి సొరుగులోంచి థర్మామీటర్ తెచ్చి తాత చెవిలో పెట్టింది. ముప్పై ఎనిమిది, అంటే నూరు దాటిన జ్వరం, చూపించింది. దాన్ని బల్లమీద మా అందరికీ కనబడేలా ఉంచి కూర్చుంది.

మావయ్య ఎడమచేత్తో సిరప్ గిన్నె పట్టుకుని, బల్లమీద మెల్లగా నా వైపు తోశారు. చెంచా కూడా.

"ఒక్క చెంచా కూడా తాగలేదు మావయ్యా. ఇంకొంచెం చిక్కగా చేస్తాను, తొమ్మిది గీతలకి..."

"పాకం... బాగుంది," అన్నారు. ఇన్ని వారాల్లో ఆయన ఎప్పుడూ అనని మాట. "గొంతు... బాగా లేదు."

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది.

"గొట్టం," అన్నారు మావయ్య. ఒక్కో మాటకీ ఊపిరి కూడదీసుకుంటూ, అర్థం కావాలని రెండేసిసార్లు అన్నారు. "పెట్టించుకుంటాను. పెట్టించుకుంటాను. ఇవాళే... ఎల్దాం."

"నాన్నా, మీకు ఇష్టం లేకపోతే ఇంకో మాట ఆలోచిద్దాం. ప్రసన్న డాక్టరుతో మాట్లాడుతుంది, లేకపోతే నేను..."

మావయ్య చెక్క మీద కొట్టారు. గణపతి ఆగారు.

"డాక్టరుకి... నానే సెప్తాను," అన్నారు. నా వంకా, అత్తయ్య వంకా, కొడుకు వంకా చూశారు. "మీరెవరూ... సెప్పొద్దు."